తమోగోళమునకు ప్రదక్షిణము

ఇంగ్లండులోని థార్న్‌హిల్ గ్రామమున క్రైస్తవ మతగురువుగా నుండిన జాన్ మిచెల్, 1783లో తన మిత్రుడగు హెన్రీ కావెండిష్‌కు వ్రాసిన లేఖలో, సూర్యునితో సమానమగు సాంద్రతయు, సూర్యునికి 500 రెట్లకు మించిన వ్యాసమును గల నక్షత్రమున్నచో, దాని ఆకర్షణను దాటి వెలుగు మనవరకు రాజాలదని గణించి చూపెను. అంతటితో నాగక, అట్టి అదృశ్యగోళము చుట్టు వెలుగుచున్న జ్యోతిస్సులు తిరుగుచుండినచో, వాని గతినిబట్టి దాని యునికిని నిర్ణయింపవచ్చునని గూడ సూచించెను. కృష్ణబిలమను పేరైన పుట్టని కాలమున నొక గ్రామగురువు చెప్పిన యీ యుపాయమే, రెండు శతాబ్దముల పిమ్మట ఖగోళశాస్త్రమునకు శరణ్యమగుట యెప్పుడు తలచినను నాకు పులకింత గలిగించును.

వేసవి రాత్రులలో మన మూలా నక్షత్రమునకు కొంచెము ఈశాన్యముగా, దాదాపు 26,000 కాంతిసంవత్సరముల దూరమున, పాలపుంత కేంద్రము గలదు. 1974లో బ్రూస్ బాలిక్, రాబర్ట్ బ్రౌన్ అనువారు అచ్చట మిక్కిలి చిన్నదగు రేడియో మూలమును కనుగొనిరి. నడుమ నున్న ధూళి కంటికి కానవచ్చు కాంతిని మ్రింగివేయును. అయినను పరారుణ కిరణము లా తెరను దాటి రాగలవు.

ఆ కిరణముల నాధారము చేసికొని, 1990ల యారంభమున రైన్‌హార్డ్ గెంజెల్ బృందము చిలీ దేశపు లా సిల్లా నుండియు, 1995 మొదలుకొని ఆండ్రియా గేజ్ బృందము హవాయిలోని కెక్ దూరదర్శిని నుండియు, ఏటేట ఆ కేంద్రముచుట్టు నున్న తారలనే చిత్రించుచు వచ్చిరి. గాలి కదలికచే నక్షత్రబింబము క్షణక్షణము వణకును గనుక, మొదట అతిస్వల్ప వ్యవధిగల చిత్రములను వేలకొలదిగ తీసి ఒకదానిపై నొకటి సరిపెట్టిరి. పిదప, ఆ కంపమునకు ప్రతిగా తమ యాకృతిని సెకనుకు వందలసార్లు మార్చుకొను దర్పణములు వచ్చెను. ఎస్2 అను తార సుమారు 16 ఏండ్లకొక ప్రదక్షిణము చేయుచు, సూర్యునికిని నెప్ట్యూనునకును గల దూరమునకు నాలుగింతల దూరమువరకు కేంద్రమును సమీపించును. దాని నట్లు త్రిప్పుటకు 40 లక్షల సూర్యుల ద్రవ్యరాశి యా యిరుకుచోట నొక తమోగోళముగా, అనగా కృష్ణబిలముగా, నిమిడియుండవలెను. పోటీపడి శ్రమించిన రెండు బృందముల లెక్కలును ఏకీభవించుటయే, నా దృష్టిలో, ఈ చరిత్రకు ప్రాణము. గెంజెల్, గేజ్‌లు 2020లో రోజర్ పెన్రోజ్‌తో కలిసి నోబెల్ బహుమానము నందిరి.

2018 మే నెలలో ఆ తార సెకనుకు 7,000 కిలోమీటర్లకు మించిన వేగమున కేంద్రమును చుట్టివచ్చినపుడు, దాని వెలుగు ఐన్‌స్టైన్ సిద్ధాంతము చెప్పినట్లే ఎరుపువైపు జరిగెను. రెండేండ్లకు మరియొక సంగతి తేలెను. బుధుని కక్ష్య అదనముగా జరుగుటను 1859లో లెవెరియే తొలుత గుర్తింపగా, శతాబ్దమునకు 43 వికలలగు ఆ జరుగుటకు కారణమును 1915లో ఐన్‌స్టైన్ వివరించెను గదా. ఎస్2 దీర్ఘవృత్తమును అట్లే, ఒక్కొక్క ప్రదక్షిణమునకు సుమారు 12 కలలు, అనగా డిగ్రీలో నైదవవంతు, తిరుగుచున్నది. అయిన నా తమోగోళము తనచుట్టు తాను ఎంత వేగమున తిరుగుచున్నదో యీ తార చెప్పజాలదు, అంత చేరువకు అది పోదు. అందుకై మరింత దగ్గరగా తిరుగు మసకతారలను శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు.