గోల్ఫ్ జీటీఐ, ప్యూజో 205 జీటీఐ: రెండు దేశాల హాట్ హ్యాచ్‌బ్యాక్‌లు

వెనుక అద్దంతో సహా డిక్కీ తలుపు పైకి లేచే చిన్న కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. దానికే బలమైన ఇంజిను, గట్టి సస్పెన్షను అమర్చితే హాట్ హ్యాచ్‌బ్యాక్ అవుతుంది. ఈ తరగతి చరిత్రలో ముందుగా చెప్పుకోవలసినవి జర్మనీ కారు ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, ఫ్రాన్స్ కారు ప్యూజో 205 జీటీఐ.

తన పాత కారు బీటిల్‌కు వారసుడిగా ఫోక్స్‌వ్యాగన్ 1974లో గోల్ఫ్‌ను విడుదల చేసింది. దాని రూపకర్త ఇటలీకి చెందిన జార్జెటో జుజారో. సంస్థలోని కొందరు ఇంజినీర్లు పైనుంచి ఆదేశాలేవీ లేకుండానే ఆ కారును వేగానికి తగినట్టు మలిచే పని చేపట్టారు. చమురు సంక్షోభం నాటి భయం ఇంకా తీరలేదు. అందుకే యాజమాన్యం మొదట 5,000 కార్లకే ఒప్పుకుంది. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనిపించిన జీటీఐ, 1976లో అమ్మకానికి వచ్చింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 1.6 లీటర్ల ఇంజిను 110 హార్స్‌పవర్ ఇచ్చేది. బరువు 800 కిలోలకు కాస్త ఎక్కువ కావడంతో కారు గంటకు 180 కిలోమీటర్లు దాటి పరుగెత్తేది. దాని గళ్ల బట్ట సీట్లు, గోల్ఫ్ బంతి ఆకారపు గేరు పిడి గున్‌హిల్డ్ లిలియెక్విస్ట్ ఆలోచనలు. 1983లో మొదటి తరం ముగిసేసరికి 4.6 లక్షలకు పైగా జీటీఐలు తయారయ్యాయి.

ప్యూజో కథ వేరు. 1970లలో సిట్రోయెన్‌ను, క్రైస్లర్ ఐరోపా విభాగాన్ని కొన్న ఆ సంస్థ నష్టాల్లో కూరుకుపోయింది. దాన్ని గట్టెక్కించింది 1983లో వచ్చిన 205. మరుసటి ఏడాది 105 హార్స్‌పవర్‌తో జీటీఐ వెలువడింది. 1986లో ఆ శక్తి 115కు పెరిగింది. ఆ ఏడాది చివర్లో 130 హార్స్‌పవర్ ఇచ్చే 1.9 లీటర్ల ఇంజినుతో మరో రకం తోడైంది. ఇంజిను మధ్యలో ఉండి నాలుగు చక్రాలూ నడిచే 205 టర్బో 16 పూర్తిగా వేరే యంత్రమే. అయినా 1985, 1986లలో అది సాధించిన ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లు 205 పేరుకు వన్నె తెచ్చాయి.

రెండు జీటీఐలలోనూ ఇంజిను అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలే కారును లాగుతాయి. అసలు తేడా వెనుక భాగంలో ఉంది. గోల్ఫ్‌లో రెండు వెనుక చక్రాలనూ మెలితిరిగే ఒకే దూలం కలుపుతుంది. 205లో ప్రతి వెనుక చక్రమూ తన సొంత ఆర్మ్‌పై విడిగా కదులుతుంది. మలుపులో యాక్సిలరేటర్ చటుక్కున వదిలితే 205 బరువు ముందుకు ఒరిగి, వెనుక టైర్ల పట్టు సడలుతుంది, తోక పక్కకు తిరుగుతుంది. నేర్పరికి ఆ గుణం కారును మలుపులో చురుగ్గా తిప్పుకునే సాధనం, అజాగ్రత్తపరుడికి ప్రమాదం. గోల్ఫ్ అంత తొందరగా అదుపు తప్పదు.

రోజువారీ అవసరాలు తీర్చే కారే వేగంగానూ పరుగెత్తగలదని లక్షలాది మందికి చూపిన ఘనత గోల్ఫ్‌ది. అందరికీ అనువైన కారూ అదే. నడపడంలోని ఆనందం వరకు చూస్తే పైచేయి 205దే.