పాత కోత వద్ద హెర్నియా: కుట్టు ఒక్కటే సరిపోతుందా?

పొట్టకు శస్త్రచికిత్స జరిగిన కొన్ని నెలలకో, ఏళ్లకో పాత కోత మచ్చ వద్ద ఉబ్బు కనిపించడం అరుదేమీ కాదు. దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు అది ముందుకు వస్తుంది. వెల్లకిలా పడుకుంటే లోపలికి పోతుంది. పైన చర్మం మానినా, కండరాలను పట్టి ఉంచే గట్టి పొర సరిగా అతుక్కోకపోవడంతో ఆ సందులోంచి కొవ్వు, పేగు తోసుకువస్తాయి. దీన్నే ఇన్సిషనల్ హెర్నియా అంటారు. మందులతో ఈ రంధ్రం పూడదు. బెల్టు ఆసరా ఇస్తుందే తప్ప నయం చేయదు.

రంధ్రం అంచులను దగ్గరికి లాగి కుట్టేయడం పాత పద్ధతి. ఖర్చు తక్కువ కావడంతో రోగులు దీనికే మొగ్గు చూపడం సహజం. అయితే దాని లోపం ఆలస్యంగా బయటపడుతుంది. ఆరు సెంటీమీటర్ల లోపు హెర్నియాలపై నెదర్లాండ్స్ వైద్యులు జరిపిన అధ్యయనంలో, కుట్టు మాత్రమే వేసినవారిలో పదేళ్లకు 63 శాతం మందికి హెర్నియా తిరగబెట్టింది. మెష్ అమర్చినవారిలో ఇది 32 శాతం. ఈ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. మెష్ కూడా పూర్తి హామీ కాదన్నది ఇందులోనే ఉంది. అయినా నేడు కుట్టు ఒక్కటే వేయడం చాలా చిన్న రంధ్రాలకే పరిమితమైంది.

మెష్ అంటే సన్నని కృత్రిమ వల. సాధారణంగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. దాన్ని ఏ పొరలో పరుస్తారన్నది కీలకం. బహిరంగ శస్త్రచికిత్సలో పొట్ట మధ్యనున్న నిలువు కండరాల వెనుక పరచడాన్ని చాలామంది సర్జన్లు మేలైనదిగా భావిస్తారు. పేగులకు తగిలేలా అమర్చాల్సి వస్తే, అవి వలకు అతుక్కోకుండా ప్రత్యేక పూత ఉన్న మెష్ వాడతారు. ల్యాపరోస్కోపీలో గాయానికి ఇన్ఫెక్షన్ సోకే అవకాశం తక్కువ, త్వరగా ఇంటికి వెళ్లవచ్చు. కానీ లోపల పేగులు మచ్చకు గట్టిగా అతుక్కుని ఉంటే, వాటిని విడదీసేటప్పుడు గాయపడే ముప్పు ఉంది. పది సెంటీమీటర్లకు మించిన రంధ్రాల్లో అంచులు ఒకదానికొకటి అందకపోవచ్చు. అప్పుడు కండర పొరలను వేరుచేసి మధ్యకు జరిపే కాంపొనెంట్ సెపరేషన్ అవసరమవుతుంది.

అత్యవసరం కానప్పుడు కొన్ని వారాలు ఆగి సిద్ధం కావడం మేలు. పొగ మానడం, మధుమేహాన్ని అదుపులో పెట్టడం, బరువు తగ్గడం ఫలితాన్ని మెరుగుపరుస్తాయి. పిల్లలను కనాలనుకునే స్త్రీలకు, ఇబ్బంది తీవ్రంగా లేకపోతే, ప్రసవం తర్వాతే చేయించుకోవాలని వైద్యులు సాధారణంగా సూచిస్తారు.

ఉబ్బు గట్టిపడి, నొప్పితో లోపలికి పోకుండా నిలిచిపోయినా, వాంతులు మొదలైనా ఆగకూడదు. పేగుకు రక్తప్రసరణ నిలిచి ఉండవచ్చు. గంటల్లోనే ఆసుపత్రికి చేరాలి.

మెష్ రకం, అమర్చిన పొర వివరాలను డిశ్చార్జి పత్రంలో రాయించుకుని భద్రపరచుకోవాలి. మళ్లీ ఎప్పుడైనా పొట్ట తెరవాల్సి వస్తే సర్జన్ మొదట అడిగేది వాటినే.