ఋతూత్సవములు – అంతరంగ విశ్వాసము

ఒక జాతి మతము మారినప్పుడు దాని పండుగలేమగును? దేవాలయమును పడగొట్టవచ్చును, విగ్రహమును తొలగింపవచ్చును, అర్చకుని మాన్యమును నిలుపవచ్చును. కాని చలికాలమున ప్రొద్దు కురుచయగుటయు, మరల సాగుటయు ఏ శాసనమునకును లోబడునవి కావు. పంట యింటికి వచ్చిననాడు కర్షకుని మనసున కలుగు సంతోషమును అట్టిదే. ఐరోపా ఖండపు ప్రాచీన ఋతూత్సవముల చరిత్ర యిందుకు చక్కని నిదర్శనము. అందు పండుగల కథయే కాక, వ్యక్తి విశ్వాసముపై రాజ్యమునకు ఎంతవరకు అధికారము కలదను గంభీరమైన ప్రశ్నయు ఇమిడియున్నది.

క్రైస్తవము వ్యాపించిన పిమ్మట, పూర్వదేవతలను కొలుచువారిని లాటిను భాషలో 'పాగానస్' అని పిలువసాగిరి. దీనికి మూలమైన 'పాగస్' అనగా పల్లెప్రాంతము. 'పాగానస్' అనగా మొదట పల్లెవాసి. సైనికుడు కాని సామాన్యుడను అర్థమును దానికి కలదు. ఈ రెంటిలో దేనినుండి మతార్థము పుట్టెనో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఏమైనను అది పరులు పెట్టిన పేరే గాని వారు తమకుతాము పెట్టుకొనినది కాదు. వారందరికి ఒకే పవిత్రగ్రంథము గాని, ఒకే ప్రవక్త గాని, విశ్వాస ప్రమాణవాక్యము గాని లేదు. ఏ దినమున ఏ దేవతకు ఏ క్రియ జరుపవలెనో అదియే ముఖ్యము. ఆ దేవతను గూర్చి మనసులో నేమి తలచుచున్నావని అడుగువారు అరుదు. సిసిరో పండితుడు క్రీ. పూ. 45లో దేవతా స్వభావమును గూర్చి రచించిన సంవాద గ్రంథములో కొట్టా అను పాత్ర కలదు. అతడు రోము నగరపు ప్రధాన పురోహితవర్గమునకు చెందినవాడు. పూర్వుల కర్మకాండను తాను విడువనని చెప్పుచునే, దేవతలున్నారనుటకు తత్త్వవేత్తలు చూపు హేతువులను ఒక్కొక్కటిగా ఖండించును. ఆచారము వేరు, అభిప్రాయము వేరు అను భావము ఆ సమాజమునకు వింత కాదు.

రోమనుల ఋతూత్సవములలో 'సాటర్నేలియా' మిక్కిలి ప్రసిద్ధమైనది. సాటర్న్ పేరుతోనే పాశ్చాత్యులు శనిగ్రహమును పిలుతురు గాని, భారతీయుల శనైశ్చరునివలె అతడు పీడించు దేవత కాడు. వ్యవసాయమునకును, పూర్వపు స్వర్ణయుగమునకును అధిపతి. ఆతని పండుగ డిసెంబరు 17వ తేదీ. సంవత్సరమంతయు ఉన్నిత్రాటితో కట్టబడియుండు ఆతని విగ్రహపు పాదములను ఆనాడు విప్పెడివారు. న్యాయస్థానములు, పాఠశాలలు మూతపడెడివి. మిత్రులొకరికొకరు మైనపు దీపములను, మట్టిబొమ్మలను కానుకలిచ్చుకొనెడివారు. తక్కిన దినములలో నిషిద్ధమైన జూదము ఆనాడు బహిరంగముగా సాగెడిది. బానిసలు యజమానులతో కూడి భుజించుటయు, కొన్ని యిండ్లలో యజమానులే వారికి వడ్డించుటయు కలదు. పండుగ ముగియగానే బానిస మరల బానిసయే. కాని సంవత్సరమున కొన్నినాళ్ళయినను ఆ భేదము మనుష్యకల్పితమని సమాజము ఒప్పుకొనుచుండెను.

ఒక్కనాటి పండుగ క్రమముగా వారము దినములకు పెరిగినది. అగస్టసు చక్రవర్తి న్యాయస్థానముల సెలవును మూడుదినములకు కుదించెను. కాలిగులా దానిని ఐదునకు పెంచెను. ప్రజలు మాత్రము ఏడుదినములును జరుపుకొనుచునే యుండిరి. సెలవుదినముల సంఖ్యను గూర్చిన తర్జనభర్జనలు నేటివి కావని దీనివలన తెలియుచున్నది. చిన్న ప్లినీ అను ప్రముఖుడు ఆ దినములలో తన భవనపు ఏకాంతమందిరమున చేరి చదువుకొనెడివాడట. ఇంటివారి వేడుకకు తాను అడ్డము కారాదు, వారి కోలాహలము తన పఠనమునకు అడ్డము కారాదు. ఇదియే ఆతని యేర్పాటు. పండుగలో పాల్గొననివాడును పండుగను గౌరవించు మార్గము అట్లు కలదు.

జూలియసు సీజరు క్రీ. పూ. 45లో ప్రవేశపెట్టిన పంచాంగములో డిసెంబరు 25 మకరాయన దినముగా పరిగణింపబడెను. ఆ పంచాంగపు సంవత్సరము సౌరసంవత్సరముకంటె కొన్ని నిముషములు దీర్ఘమగుటచే, నిజమైన అయనదినము ఆ తేదీకి ముందునకు జరుగుచు వచ్చెను. వాడుకలోని తేదీ మాత్రము కదలలేదు. క్రీ. శ. 274లో ఆరీలియను చక్రవర్తి 'అజేయ సూర్యుని'కి రోములో ఆలయము ప్రతిష్ఠించెను. 354లో సంకలితమైన ఒక రోమను పంచాంగగ్రంథమున డిసెంబరు 25 అజేయుని జన్మదినముగాను, అదే గ్రంథములో మరియొకచోట క్రీస్తు జన్మదినముగాను కనబడుచున్నది. క్రైస్తవులు సూర్యుని పండుగను స్వీకరించిరని కొందరు, మార్చి 25న క్రీస్తు గర్భస్థుడయ్యెనను గణనమునుండి తొమ్మిది మాసములు లెక్కించిరని మరికొందరు వాదింతురు. రెండు సంప్రదాయములు ఒక్క గ్రంథపు పుటలలో పక్కపక్కన ఇమిడినవన్నమాట మాత్రము నిర్వివాదము.

జీవితమున ఆ సామరస్యము నిలువలేదు. 313లో క్రైస్తవులకు ఆరాధన స్వేచ్ఛ లభించెను. ఆ శతాబ్ది ముగియకమునుపే అదే స్వేచ్ఛ పూర్వదేవతల భక్తులకు లేకపోయెను. 382లో గ్రేషియను చక్రవర్తి రోము శాసనసభా మందిరమునుండి విజయదేవత వేదికను తొలగించెను. 384లో నగరాధికారియైన సిమాకసు దాని పునఃప్రతిష్ఠకై రెండవ వాలెంటీనియను చక్రవర్తికి విన్నపము వ్రాసెను. మనుజులందరు చూచునది ఒకే ఆకాశము; అంతటి మహారహస్యమును ఒక్క మార్గముననే చేరుట సాధ్యము కాదనుట ఆతని వాదసారము. మిలాను నగరపు బిషప్పు ఆంబ్రోసు దానిని తీవ్రముగా ప్రతిఘటించెను. విన్నపము త్రోసివేయబడెను. సిమాకసు ఓడిపోయెను గాని ఆతని వాదము నేటికిని పఠింపబడుచునే యున్నది.

తరువాత శాసనము ఇంటిగడపను దాటెను. 389నాటి శాసనము సెలవుదినముల జాబితాను క్రొత్తగా కూర్చెను. అందు వేసవి తాపమునకును శరత్కాలపు ఫలసంగ్రహమునకును విరామము కలదు. ఆదివారములు, ఈస్టరు దినములు కలవు. పూర్వదేవతల పండుగలు లేవు. అవి సెలవులు కావని 395లో స్పష్టముగా శాసించిరి. 392నాటి శాసనము మరింత కఠినమైనది: ఎవడును తన గృహములో సైతము ఇలవేల్పునకు దీపము పెట్టరాదు, ధూపము వేయరాదు, పూలదండ కట్టరాదు. అంతటి నిర్బంధము విధించిన ప్రభుత్వమే 399లో ఆఫ్రికా రాష్ట్రాధికారికి పంపిన ఆజ్ఞలో, బలులు గాని నిషిద్ధ విశ్వాసము గాని లేని పక్షమున ప్రజల పండుగ కూటములను, విందులను ఆపరాదని చెప్పవలసి వచ్చెను. విశ్వాసమును నిషేధించిన పాలకులు వేడుకను నిషేధింపజాలరైరి. నూరేండ్లు గడచిన పిమ్మట గెలాషియసు పోపు ఫిబ్రవరి మాసపు 'లూపర్కేలియా'ను ఖండించుచు లేఖ వ్రాసినప్పుడు, ఆ పండుగను సమర్థించినవారు తామును క్రైస్తవులే!

ఈ అనుభవమునుండి గ్రెగరీ పోపు వేరొక పాఠము నేర్చెను. 601లో ఆంగ్లదేశమునకు వెళ్ళుచున్న మెలీటసునకు వ్రాసిన లేఖలో, విగ్రహములను తొలగించి ఆలయములను మాత్రము నిలుపుమనియు, పూర్వము బలియిచ్చిన ఎద్దులను ఇకమీదట చర్చి పండుగలలో దైవస్తుతితో విందుకై వినియోగింపనిమ్మనియు, ఆలయముల చుట్టును కొమ్మలతో పందిళ్ళు వేసికొననిమ్మనియు ఉపదేశించెను. అందువలననే పాతపేర్లు కొన్ని మిగిలినవి. 725లో బీడు అను సన్న్యాసి కాలగణన గ్రంథములో, వసంతమాసమునకు 'ఇయోస్ట్రే' అను దేవత పేరు ఉండెడిదని వ్రాసెను. ఆంగ్లభాషలోని 'ఈస్టరు' ఆ పదమునుండి వచ్చినదేనని ఆతని మాట.

ఐస్లాండు ద్వీపమున మతపరివర్తనము మరియొక రీతిగా జరిగెను. క్రీ. శ. 1000 ప్రాంతమున అచటి మహాసభలో ప్రజలు రెండుగా చీలి, ఒకరి చట్టమునకు మరియొకరు లోబడమనిరి. తీర్పు థోర్గేరు అను ధర్మవక్తకు అప్పగింపబడెను. అతడు పూర్వమతస్థుడే. దుప్పటి కప్పుకొని ఒక పగలు, ఒక రాత్రి మౌనముగా పరుండి, మరునాడు లేచి, చట్టము చీలినచో శాంతియు చీలునని చెప్పి, అందరును జ్ఞానస్నానము పొందవలెనని తీర్పు చెప్పెను. రహస్యముగా చేయు పూజకు మాత్రము శిక్ష లేకుండ మినహాయింపు కల్పించెను. కొన్ని సంవత్సరములకే ఆ మినహాయింపు రద్దయ్యెను. అంతర్యుద్ధమును తప్పించిన ఆ తీర్పు శ్లాఘనీయమే; కాని దాని మూల్యమును చెల్లించినది అల్పసంఖ్యాకుల అంతరాత్మ. ఆ దేశముననే 1972లో పూర్వదేవతల ఆరాధకులు సంఘముగా ఏర్పడి, 1973లో ప్రభుత్వ గుర్తింపు పొందిరి.

నిర్బంధము ఒక మతమువారికే పరిమితము కాదు, ఒకే మతములోను కలుగును. క్రిస్మసునకు గ్రంథప్రమాణము లేదనియు, అది పూర్వమతావశేషమనియు తలచి ఆంగ్ల పార్లమెంటు 1647లో దానిని రద్దుచేసెను. ఆ డిసెంబరులోనే కాంటర్బరీ నగరమున ప్రజలు తిరుగబడిరి. అమెరికాలోని మసాచుసెట్సు వలసరాజ్యము 1659లో ఆ పండుగ జరుపువారికి ఐదు షిల్లింగుల జుర్మానా విధించి, 1681లో ఉపసంహరించుకొనెను.

భారతదేశమున ఈ సమస్య వేరు రూపమున కనబడుచున్నది. మకరసంక్రాంతి క్రీ. శ. మూడవ శతాబ్ది ప్రాంతమున నిజమైన ఉత్తరాయణారంభముతో ఏకీభవించుచుండెను. అయనచలనముచే నేడు వానికి ఇంచుమించు ఇరువదినాలుగు దినముల అంతరము కలదు. 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన నియుక్తమైన పంచాంగ సంస్కరణ సంఘము 1955లో నివేదిక సమర్పించెను. 1957 మార్చి 22న జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ పత్రములపై శకసంవత్సరము నిలిచినది; గృహస్థుడు మాత్రము తన పంచాంగము చెప్పిన దినముననే భోగిమంట వేయుచున్నాడు, కనుమనాడు పశువులను అలంకరించుచున్నాడు. అందుకు ఆతని నెవరును దండింపలేదు. సాటర్నేలియాకును సంక్రాంతికిని పోలికలున్నంతమాత్రమున ఒకటి మరియొకదానినుండి పుట్టెనని తలపరాదు. చలి, పంట, పశువు, దీపము అంతటను ఉన్నవే.

ఈ చరిత్రనుండి తేలు విషయము రెండు మాటలలో చెప్పవచ్చును. పండుగ సంఘమునకు చెందినది. విశ్వాసము వ్యక్తికి చెందినది. ఒకే పందిటిక్రింద భక్తుడు, సంశయవాది, వేడుకకు వచ్చినవాడు కూడియుండగలరు. ఏ హృదయములో నేమున్నదో విచారించు అధికారమును పాలకులు చేపట్టిననాడే ఆ పందిరి కూలుచున్నది. భారత రాజ్యాంగపు 25వ అధికరణము అంతఃకరణ స్వాతంత్ర్యమును ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యములకు లోబడి ప్రతివానికిని హామీ యిచ్చినది. సిమాకసు విన్నపములో కోరినది, ఐస్లాండు తీర్పులో కొన్నాళ్ళు నిలిచి అణగిపోయినది, ఆ స్వాతంత్ర్యమే. ఇంటిలో వెలిగించిన దీపమును ఆర్పుమని ఆజ్ఞాపించు శాసనము మరల పుట్టకుండ కాపాడుకొనుట, పండుగ చేసికొనువారికెంత అవసరమో, చేసికొననివారికిని అంతే అవసరము.