మన యిండ్ల రామచిలుక

తమలపాకును మడచి లవంగము గ్రుచ్చినచో మనము దానిని చిలుక యందుము. ఉత్తరీయము తగిలించుటకు గోడకు బిగించినది చిలుకకొయ్య. ఓపికతో పదిమార్లు బోధించుట చిలుకకు చెప్పినట్లు చెప్పుట. ప్రాణము పోయినప్పుడు సైతము పంజరము విడిచి చిలుక యెగిరిపోయినదని పెద్దలనుట కలదు. మన భాషలో ఇన్ని మూలల గూడు కట్టుకొన్న పక్షి మఱియొకటి లేదని మా తలంపు.

స్వసీమను విడిచి వచ్చి తరతరములుగా అన్యభాషల నడుమ నివసించు మన కుటుంబములకు ఈ పక్షితోడి పొత్తు ఒకింత వేరు. పొరుగువారు తమిళమున దీనిని కిళి యందురు, కన్నడమున గిళి, ఒడియాలో శుఆ, మరాఠీలో పోపట్. వీనిలో మొదటి రెండును మనకు పరాయివి కావు. కన్నడిగుల కివి మనకు చెవి యైనట్లే, మొదటి కకారము తెలుగున చకారమై చిలుక యైనది. మూడును ఒక్క ద్రావిడ ధాతువు సంతానమే.

చిలుక ఏ యింట నున్న ఆ యింటి మాటయే పలుకునను విషయమును మొదట గ్రంథస్థము చేసినవారిలో ఒక యవనుడు కలడు. పారశీక చక్రవర్తి కొలువున వైద్యుడుగా నుండిన క్తీసియస్, సుమారు 2400 ఏండ్ల క్రిందట హిందూదేశమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అతడు ఈ దేశమున కాలు మోపినవాడు కాడు. విన్న వింతలనెల్ల నమ్మి వ్రాసినాడు. కాని 'బిత్తకోస్' అను పక్షిని గూర్చి మాత్రము నిజమే చెప్పెను: అది హిందూదేశపు భాష మాటలాడుననియు, యవనభాష నేర్పినచో దానిని కూడ పలుకుననియు.

మనవారు దక్షిణమునకు వచ్చిన కాలమున చిలుక అప్పటికే అక్కడి దేవళములలో కొలువు దీరి యున్నది. శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి చేతి చిలుకను నేటికిని ప్రతిదినము పచ్చని ఆకులతో క్రొత్తగా అల్లుదురు, ముక్కునకు దానిమ్మపూవు. ఆ గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు (పాలనము 1509–1529) ఆముక్తమాల్యదగా తెలుగున వెలయించెను. మధురలో మీనాక్షి చేతను చిలుకయే. 1529 మొదలు 1736 వరకు మధురనేలిన నాయకరాజులు తెలుగువారు. ఆ యాలయమున కోనేటి ప్రక్కన నున్న కిళిక్కూండు మండపమున పూర్వము చిలుకలను పెంచి అమ్మవారి నామము పలుకుట నేర్పెడివారు. ఇక శుకసప్తతి మాట చెప్పనక్కరలేదు. సంస్కృతమున పుట్టిన ఆ కథలు 1330 ప్రాంతమున నఖ్షబీ చేత పారశీకమున తూతీనామా యైనవి. పదునేడవ శతాబ్దమున పాలవేకరి కదిరీపతి చేత తెలుగున కావ్యమైనవి. రాత్రికొక కథ చెప్పి ఇల్లాలిని గడప దాటనీయని ఆ చిలుక, ఇంటి మనిషి కాక మఱేమి?

ఇంటి మనిషి యగుట యెట్లో మా పెద్దలకు బాగుగ తెలియును. క్రొత్తగా తెచ్చిన పిల్లను మొదటి దినములలో ముట్టరాదు. పంజరమును చీకటి మూలనుంచక, పదిమంది మసలు నడవలో, మనిషి కంటి యెత్తున వ్రేలాడగట్టవలెను. ఒక్కరే, ఒక్క వేళకే, నానిన శనగలో జామముక్కయో పచ్చిమిరపకాయయో అందీయవలెను. మిరప ఘాటు పక్షులకు తెలియదని ఇప్పటి శాస్త్రజ్ఞులు చెప్పిరి గాని, అవ్వలు ఆ సంగతి యెరుగకయే పెట్టెడివారు. తెల్లవారుజామునను సందెవేళను దగ్గర కూర్చుండి ఒక్క మాటనే మెల్లగా మరల మరల చెప్పవలెను. కొన్ని వారములకు వ్రేళ్ల నుండి పండు నందుకొనును. పిమ్మట నొకనాడు తల వంచి మెడ యీకలు ఉబ్బించి గోకుమన్నట్లు నిలుచును. అంతటితో స్నేహము కుదిరినట్లే.

ఇందలి రహస్యము గొప్పది కాదు. చిలుకకు మనవంటి స్వరతంత్రులు లేవు. ఊపిరిగొట్టము రెండుగా చీలుచోట నాదము పుట్టును, మందపు నాలుక తోడ్పడును. గుంపుగా బ్రతుకు పక్షి గనుక గుంపు కూతను నేర్చుట దాని స్వభావము. పంజరములో గుంపు లేదు. కావున ఇంటివారినే గుంపుగా నెంచుకొనును. మగదాని మెడ చుట్టు నలుపు గులాబి వన్నెల కంటె రెండు మూడేండ్లకు గాని తేలదు. అందరును ముందే రాముడని పేరు పెట్టెడివారు; ఎన్నడును కంటె రాని రాములెందరో!

మధురలో మేమెరిగిన యొక తెలుగింట నడవలోని చిలుక, వాకిట అడుగుల చప్పుడు వినినంతనే "అమ్మా, ఎవరో వచ్చినారు" అనెడిది; కూరగాయల బండి వచ్చినచో బండివాని తమిళపు కేక వేసెడిది. దానికి రెండు భాషలకును చోటు స్పష్టముగ తెలియును. ఆ యింటి మనుమలు తమలో తాము తమిళమే మాటలాడుకొనెడివారు. దానిని పెంచిన అవ్వ గతించిన పిదప ఆ నడవలో తెలుగున పలుకరించినది చాలకాలము ఆ చిలుక యొక్కటే. పంజరములో చిలుక ఇరువది యేండ్లకు పైగా బ్రతుకగలదు. మనిషి పోయినను మాట యట్లు నిలుచును.

ఇన్ని చెప్పిన పిమ్మట చట్టము మాట చెప్పక తప్పదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1990–91లో స్వదేశీ పక్షుల వ్యాపారము నిషేధింపబడెను. 2022లో సవరింపబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన చట్టమున రామచిలుక రెండవ షెడ్యూలున చేరినది. దానిని పట్టుట, అమ్ముట, కొనుట, ఇంట బంధించి పెంచుట నేరము. తాతల నాటి ముచ్చటను సర్కారు కాదనుట యేమని మనలో కొందరు విసుగుకొందురు. మేము వారితో ఏకీభవింపము. సంతకు వచ్చిన ప్రతి పిల్లయు చెట్టుతొఱ్ఱలో తల్లి క్రింద నుండి లాగబడినదే. రెక్కలు కత్తిరించి బుట్టలో క్రుక్కగా దారిలోనే చచ్చినవి యెన్నియో. పూర్వజన్మమున చిలుకను పన్నెండేండ్లు పంజరమున నుంచినందుననే భద్రాచల రామదాసునకు గోలకొండలో పన్నెండేండ్ల చెర ప్రాప్తించినదని మన యిండ్ల చెప్పుకొందురు. ఆ కథ చరిత్ర కాదు. కాని చిలుకను ఇంతగా ముద్దుచేసిన జాతియే పంజరమునకు అంత శిక్ష ఊహించినది.

ఇంట పక్షి లేనిదే తోచదనువారికి ఆస్ట్రేలియా దేశపు బడ్జెరిగార్ కలదు. బజారులో దానిని లవ్ బర్డ్ అని అమ్ముదురు గాని ఆ పేరు ఆఫ్రికా పక్షులది. జాన్ గూల్డ్ 1840లో వీనిని ప్రాణములతో ఇంగ్లండునకు కొనిపోయిన నాటి నుండి పంజరములలోనే పుట్టి పెరుగుచు లోకమంతట వ్యాపించినవి. ఇదియు చిలుక కులమునదే. లేతపిల్లను తెచ్చి పైన చెప్పిన యోపికయే చూపినచో వ్రేలిపై వ్రాలును. సన్నని గొంతుతో తొందర తొందరగా మాటలును పలుకును. జంటగా పెంచినచో అవి తమలో తామే ముచ్చటలాడుకొనును, మనతో నంతగా కలియవు.

రామచిలుకయే కావలెనన్నచో మిద్దె యున్నది. చెన్నపట్టణపు రాయపేటలో ఒక గృహస్థు ఏండ్ల తరబడి మిద్దెపై బియ్యము పెట్టగా వేలకొలది చిలుకలు వచ్చి వ్రాలుట లోకవిదితమే. అంత సంబరము అక్కరలేదు. ఒక జొన్నకంకి కట్టి, వెడల్పు చిప్పలో నీరుంచినచో మొదట కాకులు వచ్చును, ఆ వెనుక ఉడుతలు. చిలుకలు కొన్ని దినములు దూరమున నుండి చూచి గాని రావు. చిప్పను ప్రతిదినము కడుగవలెను. దొడ్డిలో తొఱ్ఱ గల ముదురు చెట్టున్నచో చలికాలపు చివర నుండి వేసవి మొదలు వరకు దాని కొమ్మ కొట్టింపరాదు. అది వాని గ్రుడ్ల కాలము.