గోడమీది చిత్రకళ

1962వ సంవత్సరమున అమెరికాలో ఆండీ వార్హోల్ అను చిత్రకారుడు సూపుడబ్బాల బొమ్మలను 32 పటములుగా రచించి లాస్ ఏంజిలిస్ నగరమున ప్రదర్శించెను. ఆ యేడే నటి మార్లిన్ మన్రో మరణించినది. 'నయాగరా' అను చలనచిత్రపు ప్రచారమునకై తీసిన ఆమె ఛాయాచిత్రమును గైకొని, ఆ ముఖమునే పలుమార్లు ముద్రించి పటములు గావించెను. అంగడి సరకును, సినిమా ప్రకటనయు కళ యెట్లగునని పలువురు ప్రశ్నించిరి. 1987లో ఆయన గతించెను. 1989లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియము ఆయన జీవితకాలపు కృతులను ఒక్కచోట కూర్చి చూపినది.

ఇట్టి ప్రదర్శనము క్రొత్త వస్తువును చూపదు. చూచి మరచినదానిని మరల చూపును. అందే దాని బలమున్నది.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. హైదరాబాదున బంజారా హిల్స్‌లో అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. చెంతనున్న జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్‌లు క్రమముగా తెలుగు చిత్రపరిశ్రమకు నిలయములైనవి. 2002లో ఆ బంజారా హిల్స్‌లోనే కళాకృతి చిత్రశాల వెలసినది. సినిమాకును చిత్రశాలకును నడుమ నున్నది గోడమీది పోస్టరు. మనలో పెక్కుమంది బాల్యమున మొదట కన్నులార చూచిన వర్ణచిత్రము అదియే గదా!

పాలకొల్లు వారైన ఈశ్వర్‌గారు 1967లో బాపుగారి 'సాక్షి' చిత్రముతో ఆరంభించి దశాబ్దములపాటు పోస్టర్లు రచించిరి. నాయకుని చూపు, నాయిక కంటితడి, కథలోని రసము దారిన పోవువానికి ఒక్క క్షణమున తెలియవలెను. ఇంత నేర్పుతో గీచినది వానకు తడిసెడిది. మరుసటి వారపు కాగితము దానిని కప్పివైచెడిది. 2011లో వెలువడిన ఈశ్వర్‌గారి 'సినిమా పోస్టర్' అను గ్రంథము ఆ చెదరిన కళను ఒక్కచోట చేర్చినది. అదియు నొకవిధమైన ప్రదర్శనమే. 2021లో ఆయన దివంగతులైరి. అప్పటికే కుంచె స్థానమును కంప్యూటరు ముద్రణము ఆక్రమించినది.

కళాభిమానము మ్యూజియములోనే జనింపనక్కరలేదు. మన యిండ్లలోని పాత ట్రంకుపెట్టెలలో సినిమాహాలు వాకిట కొన్న పాటల పుస్తకము లింకను ఉండవచ్చును. వానిని చెదలకు విడువక, అట్టమీది బొమ్మను పిల్లలకు చూపి, మూలనున్న చిత్రకారుని సంతకమును చదివించుడు. మన యింటి ప్రదర్శనము అచ్చటనే మొదలగును.