పేరుకు ఎనభై ఐదు

మా చిన్ననాట పెళ్ళిపందిళ్ళలో పెట్రోమాక్స్ దీపం వెలిగించడం ఒక తంతు. అందులోని కిరసనాయిలు దానంతట అది వెలిగేది కాదు. మ్యాంటిల్ కిందనున్న చిన్న గిన్నెలో కొంచెం స్పిరిటు పోసి అంటించి, గొట్టం కాలేదాకా ఆగి, ఆపైన పంపు కొట్టేవారు. కాలిన గొట్టంలో కిరసనాయిలు ఆవిరై పైకెక్కి వెలుగునిచ్చేది. ద్రవం మండదు, దాని ఆవిరే మండుతుందన్న శాస్త్రపాఠం పందిట్లోని పిల్లలందరికీ అలా కళ్ళెదుటే జరిగేది.

ఆనాడు కిరసనాయిలుకు చేయూతనిచ్చిన ఆ స్పిరిటు జాతిదే ఇథనాలు. అది తానే ప్రధాన ఇంధనమై మోటారు ఇంజనులో ప్రవేశించాక కథ తిరగబడింది. చలి ఉదయాన మొదటి మంట కోసం అది పెట్రోలును ఆశ్రయించవలసి వచ్చింది. తాను ఎవరిని తొలగించడానికి వచ్చిందో వారినే చేయి చాచి అడగవలసి రావడం ఈ చరిత్రలోని చమత్కారం.

కారణం పదార్థ స్వభావంలోనే ఉన్నది. పెట్రోలు ఒక్క పదార్థం కాదు. అనేక హైడ్రోకార్బనుల సమూహం. అందులోని తేలిక భాగాలు గడ్డకట్టే చలిలోనూ ఆవిరవుతాయి. ఇథనాలు ఏక పదార్థం. అది మరిగేది 78 డిగ్రీల సెల్సియస్ వద్ద. సుమారు 13 డిగ్రీలకు దిగువన నిప్పు చూపినా అంటుకునేంత ఆవిరిని విడువదు. పైగా ఆవిరి కావడానికి పెట్రోలుకన్నా రెండున్నర రెట్లకు పైగా వేడిని పీల్చుకుంటుంది. ఒక పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాలుకు 9 పాళ్ళు చాలు. అంటే అదే గాలికి ఇథనాలును ఎక్కువగా చిమ్మాలి. చలిలో ఆ చిమ్మినదంతా ఆవిరి కాక తడిగా మిగిలి, ప్లగ్గులను తడిపి, సిలిండరు గోడలపై నూనెను కడిగివేస్తుంది. తాళం తిప్పినవాడికి వినపడేది మాత్రం స్టార్టరు మూలుగు.

ఈ చిక్కును పెద్ద ఎత్తున మొదట ఎదుర్కొన్నది బ్రెజిల్. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత, 1975 నవంబరులో ఆ దేశం చెరకు ఇథనాలు పథకాన్ని ప్రారంభించింది. 1979లో పూర్తిగా ఇథనాలుతో నడిచే ఫియట్ 147 కారు అమ్మకానికి వచ్చింది. ఉష్ణదేశమే అయినా దక్షిణ బ్రెజిల్‌లో శీతకాలపు ఉదయాలు చల్లగానే ఉంటాయి. అందుకని బానెట్ కింద ఒక చిన్న పెట్రోలు డబ్బా అమర్చారు. చలి ఉదయాన తొలి మంటకు అందులోనుండి కాస్త పెట్రోలు ఇంజనులోకి చేరేది. ఆ డబ్బా నింపడం మరచినవారికి బండి కదలదు. నింపి నెలల తరబడి వాడనివారికి పెట్రోలు పాతబడి జిగురు కట్టేది. 2003లో రెండు ఇంధనాలనూ ఏ పాళ్ళలోనైనా స్వీకరించే ఫోక్స్‌వాగన్ గోల్ వచ్చినా, డబ్బా మాత్రం పోలేదు. 2009లో అదే సంస్థ పోలో కారులో ఇథనాలును ముందుగా వేడిచేసి చిమ్మే ఏర్పాటు తెచ్చి, డబ్బాను తొలగించింది. పెట్రోమాక్స్ గొట్టాన్ని కాల్చిన సూత్రమే ఇది. స్పిరిటు స్థానంలో కరెంటు వచ్చిందంతే.

అమెరికా కథ వేరు. అక్కడ ట్రక్కు అంటే మన లారీ కాదు. వెనుక తొట్టి ఉన్న పికప్ బండి. 1988 నాటి ప్రత్యామ్నాయ మోటారు ఇంధనాల చట్టం ఈ రెండింధనాల బండ్లకు మైలేజి లెక్కలలో ఉదారమైన రాయితీ ఇచ్చింది. ఇ-85 గ్యాలనులో 0.15 గ్యాలనును మాత్రమే ఇంధనంగా లెక్కించేవారు. ఎక్కువ పెట్రోలు తాగే పికప్పులకు ఈ లెక్క కలిసివచ్చింది. ఫోర్డ్ రేంజర్, షెవర్లె సిల్వరాడో వంటివి ఫ్లెక్స్ ఫ్యూయల్ రూపంలో వచ్చాయి. వాటిలో అనేకం జీవితమంతా పెట్రోలుతోనే నడిచాయి. ఆ రాయితీని 2014 తరువాత క్రమంగా తగ్గించారు.

ఇథనాలు తాగిన ట్రక్కులకు పరీక్ష పెట్టినది ఉత్తరాది చలి. మొక్కజొన్న పండి ఇథనాలు పుట్టే మిన్నెసోటా, డకోటా, అయోవా రాష్ట్రాలే ఘోరమైన చలికి నెలవులు. రాత్రంతా ఇంటి కరెంటుతో ఇంజనును వెచ్చగా ఉంచే హీటరుకు 1949లో పేటెంటు పొందిన ఆండ్రూ ఫ్రీమన్ కూడా నార్త్ డకోటావాడే. అమెరికన్లు ఇథనాలు బండికి పెట్రోలు డబ్బా పెట్టలేదు. పంపులోని ఇంధనంలోనే పెట్రోలు పాలు పెంచారు. పాత ప్రమాణం ప్రకారం వేసవిలో ఇథనాలు కనీసం 79 శాతం, నడిమి ఋతువులలో 74, గట్టి చలిలో 70. 2011లో ఆ హద్దులు 51 నుండి 83కు మారాయి. వేసవిలో నింపి మూలన నిలిపిన ట్రక్కు నవంబరు మంచులో మొరాయిస్తే, లోపం ఇంజనులో కాక టాంకులోని వేసవి పాళ్ళలో ఉండవచ్చు.

ఇంత మారినా వాడుకలో పేరు మారలేదు. వ్యాకరణం చదువుకున్నవాడికి ఇక్కడ మండప శబ్దం గుర్తుకొస్తుంది. మండపమంటే వ్యుత్పత్తి ప్రకారం గంజి తాగేది. ఏ మండపమూ ఏనాడూ గంజి తాగలేదు. అవయవార్థాన్ని విడిచిన ఇటువంటి పదాలను రూఢి శబ్దాలంటారు. ఇ-85 కూడా అటువంటి రూఢి శబ్దమే అయింది.

భాషలో రూఢి నేరం కాదు. అంగడిలో మాత్రం అంకె ఒక వాగ్దానం. స్వీడన్‌లో శీతకాలపు ఇ-85లో ఇథనాలు 75 శాతమే ఉండేది. మన దేశంలో 2024 మార్చిలో కొన్ని బంకులలో ప్రవేశపెట్టిన ‘ఇథనాల్ 100’లో ఇథనాలు సుమారు 93 శాతం, పెట్రోలు 5 శాతం. ఆ అయిదు శాతం కలపడం తప్పు కాదు, అవసరం. దానిని పేరు మరుగున ఉంచితేనే అనుమానం పుడుతుంది.

మనకు ఈ మాట ఎందుకంటే, 2003లో అయిదు శాతం మిశ్రమం మొదలైన రాష్ట్రాలలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2025 నాటికి దేశం 20 శాతానికి చేరింది. మైలేజి తగ్గిందని వాహనదారులు అడిగినదీ ఆ ఏడాదే. ఇరవై శాతంతో చలి బాధ లేదు. ఎనభై పాళ్ళ పెట్రోలు తోడున్నది. ఫ్లెక్స్ ఫ్యూయల్ బండ్లు విరివిగా వచ్చిననాడు ఆదిలాబాదు, లంబసింగి ఉదయాలు ఈ పరీక్ష పెట్టగలవు. పది డిగ్రీల చలి మనకూ ఉన్నది.

ఆనాడు పంపు మీద రెండు అంకెలు రాస్తే చాలు: ఎండాకాలం ఇంత, చలికాలం ఇంత. పెట్రోమాక్స్ వెలిగించినవాడు స్పిరిటు సీసాను ఎన్నడూ దాచలేదు. పందిట్లో అందరి ముందే పోసి, అందరి ముందే అంటించాడు. వెలుగు వచ్చాక ఎవరూ దానిని చిన్నచూపు చూడలేదు.