జావాస్క్రిప్ట్, క్లౌడ్‌తో యాప్ తయారీ: పెనుమూడిలో ఉండి మొదలుపెట్టేవారికి

వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు తయారుచేయడానికి ఎక్కువమంది వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్. క్లౌడ్ అంటే గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు తమ కంప్యూటర్లను నెట్ ద్వారా అద్దెకివ్వడం. ఈ రెండూ వస్తే, ఒక లాప్‌టాప్, నెట్ కనెక్షన్‌తో కృష్ణ ఒడ్డున పెనుమూడిలో ఉన్నవారైనా పదిమందికి పనికొచ్చే యాప్ చేయవచ్చు. అయితే యాప్ చేయడం ఒక ఎత్తు, అందులో చేరే జనం వివరాలను కాపాడటం ఇంకో ఎత్తు.

ఒకే భాష, మూడు చోట్ల

జావా, జావాస్క్రిప్ట్ ఒకటి కావు. పేర్లు కలిశాయి, అంతే. జావాస్క్రిప్ట్‌ను 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశారు. మొదట్లో అది బ్రౌజర్‌లోనే నడిచేది. 2009లో ర్యాన్ డాల్ తెచ్చిన నోడ్ జేఎస్‌తో సర్వర్ మీదకూ వచ్చింది. ఫేస్‌బుక్ 2013లో రియాక్ట్‌ను, 2015లో రియాక్ట్ నేటివ్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చింది. రియాక్ట్ నేటివ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ చాలావరకు ఒకే కోడ్ సరిపోతుంది.

ఉదాహరణకు కిరాణా కొట్టు అప్పుల ఖాతాను యాప్‌గా మార్చాలనుకుందాం. పేరు, సరుకు, డబ్బు నింపే తెర ఒక భాగం. లెక్క కట్టి, ఎవరు ఏది చూడవచ్చో తేల్చే సర్వర్ రెండో భాగం. లెక్కలు దాచే డేటాబేస్ మూడోది. తెర, సర్వర్ జావాస్క్రిప్ట్‌తో రాయవచ్చు. సర్వర్‌ను, డేటాబేస్‌ను క్లౌడ్‌లో పెడతారు.

యాప్ కావాలా, వెబ్ చాలా?

ఈ ప్రశ్న మొదటే వేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' మొదలుపెట్టినప్పుడు కొత్త యాప్ దించుకోమని అడగలేదు. జనం ఫోన్లలో అప్పటికే ఉన్న వాట్సాప్‌లోనే 161 సేవలు ఇచ్చింది. చిన్న పనికి కూడా ఇదే లెక్క. ఫోన్‌కు సరిపడే వెబ్ పేజీ చేసి, దాన్ని హోమ్ స్క్రీన్ మీద పెట్టుకునేలా చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒకసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవారు కనీసం 12 మందితో 14 రోజులు వరుసగా పరీక్ష చేయించాలి. ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు.

క్లౌడ్ ఎక్కడ, ఖర్చెంత?

కంప్యూటర్లు ఎంత దగ్గరగా ఉంటే జవాబు అంత త్వరగా వస్తుంది. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తన కేంద్రాలు తెరిచింది. గూగుల్‌కు ముంబై, ఢిల్లీలలో ఉన్నాయి. గూగుల్ ఫైర్‌బేస్‌లోని ఫైర్‌స్టోర్ డేటాబేస్‌కు ఒకసారి ఎంచుకున్న చోటును మళ్లీ మార్చలేం. కాబట్టి ముందే ముంబైనో ఢిల్లీనో ఎంచుకోవాలి.

ఫైర్‌బేస్ ఉచిత పథకానికి కార్డు అక్కర్లేదు. ఫైర్‌స్టోర్‌లో రోజుకు 50,000 సార్లు చదవడం, 20,000 సార్లు రాయడం ఉచితం. చిన్న కొట్టుకు ఇది చాలా ఎక్కువ. కార్డు ఇచ్చి పెద్ద పథకానికి మారితే వాడినంత బిల్లు వస్తుంది. బడ్జెట్ హెచ్చరిక మెయిల్ పంపుతుందేగాని ఖర్చును ఆపదు. కోడ్‌లో ఒక చిన్న తప్పుతో డేటాబేస్‌ను ఆగకుండా అడుగుతూ పోతే ఆ బిల్లు ఇంటి మీద పడుతుంది. నేర్చుకునే రోజుల్లో నాన్నగారి కార్డు ఇవ్వకపోవడమే మంచిది.

వారధి మీద సిగ్నల్ తెగితే నింపిన లెక్క పోకూడదు. ఫైర్‌స్టోర్ ఆండ్రాయిడ్, ఐఫోన్ కిట్లు నెట్ లేనప్పుడు రాసింది ఫోన్‌లోనే దాచి, తర్వాత పంపిస్తాయి. వెబ్‌లో మాత్రం ఆ సౌకర్యాన్ని మనమే ఆన్ చేయాలి.

తెలుగు, ఉర్దూ ఒకే తెర మీద

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. రెండు భాషలూ చదివే ఇళ్ల కోసం చేసే యాప్‌లో ఉర్దూ భాగానికి కుడి నుంచి ఎడమకు అని దిశ చెప్పాలి. లేకపోతే అంకెలు, చుక్కలు, బ్రాకెట్లు తారుమారవుతాయి. నస్తాలీఖ్ రాతకు గూగుల్ ఉచిత ఫాంట్ నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఉంది. దానికి వరుసల మధ్య జాగా ఎక్కువ ఇవ్వాలి.

తెలుగుకూ ఒక చిక్కుంది. 'రిజ్వాన్' అన్న పేరు కంటికి మూడక్షరాలే. జావాస్క్రిప్ట్ మాత్రం దాన్ని ఎనిమిదిగా లెక్కిస్తుంది. పేరు గడికి చిన్న హద్దు పెడితే మన పేర్లు సగంలో తెగిపోతాయి.

జనం వివరాలు అమానత్

ఎవరికి ఎంత అప్పుందో ఊరంతటికీ తెలిస్తే పోయేది పరువు. ఫైర్‌స్టోర్‌ను 'టెస్ట్ మోడ్'లో మొదలుపెడితే 30 రోజులపాటు ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, చెరిపేయవచ్చు. నిజమైన పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టకముందే నియమాలు రాయాలి: ఎవరి ఖాతా వారికి, అన్నీ కొట్టు యజమానికి. క్లౌడ్ రహస్య తాళాలను అందరికీ కనిపించే గిట్‌హబ్ కోడ్‌లో పెట్టకూడదు. పొరపాటున పెడితే ఆ ఫైలు చెరిపితే చాలదు, పాత ప్రతుల్లో ఉండిపోతుంది. తాళాన్నే రద్దుచేసి కొత్తది తీసుకోవాలి.

చట్టం కూడా ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. భద్రత చూసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. అందుకే అవసరం లేని వివరం అడగనే కూడదు. అప్పు ఖాతాకు ఆధార్ నంబర్‌తో పనిలేదు.

నేర్చుకునే వరుస

ముందు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్. తర్వాత జావాస్క్రిప్ట్. ఆపైన రియాక్ట్, నోడ్, డేటాబేస్, చివర క్లౌడ్. ఎండీఎన్ పత్రాలు, ఫ్రీకోడ్‌క్యాంప్ పాఠాలు ఉచితం, కాకపోతే ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. రేపల్లెలోనో తెనాలిలోనో కోర్సుకు ఫీజు కట్టేముందు ఒక నెల వీటితో ఇంట్లోనే ప్రయత్నిస్తే, పిల్లవాడికో అమ్మాయికో ఈ పని మీద నిజంగా ఇష్టం ఉందో లేదో తెలుస్తుంది. మొదటి యాప్ సొంతింటి ఖర్చుల లెక్కతో మొదలుపెడితే మేలు. తప్పు జరిగినా పక్కింటివాళ్ల వివరాలు బయటపడవు.